ఒట్టు వేయనివారి ఊళ్ళో హత్య

అధ్యక్షులకు, మన పఠన బృందం మిత్రులందరికీ నమస్కారం.

గత నెల మనం చదువుదామని తీసుకున్న నవల మీద ఇంత వాదన జరుగుతుందని నేను అనుకోలేదు. లిండా కాస్టిల్లో రాసిన ‘స్వోర్న్ టు సైలెన్స్’ను ఒకే రాత్రి కూర్చుని పూర్తిచేశామని చెప్పినవారు మనలో ఉన్నారు. మొదటి శవం వర్ణన దగ్గరే పుస్తకం మూసి, మళ్ళీ దాని జోలికి పోలేదని చెప్పినవారూ ఉన్నారు. ఈ అభిప్రాయాలన్నిటినీ ఒక దగ్గరికి చేర్చి, ఇంత తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించి చెప్పమని మీరు నాకు అప్పగించారు. నేను ఆ నవలను రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు, మొదటిసారి నాకు ముఖ్యమనిపించిన విషయాలు పక్కకు తప్పుకొని, అసలు గమనించని ఒక మాట ముందుకు వచ్చింది. ఆ మాట నవల పేరులోనే ఉంది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

చదవనివారి కోసం కథను కొంచెం చెబుతాను. హంతకుడు ఎవరన్నది మాత్రం చెప్పను. ఒహాయో రాష్ట్రంలో, హోమ్స్ కౌంటీలో, పెయింటర్స్ మిల్ అనే ఊరు రచయిత్రి కల్పించినది. ఆ ఊరి పోలీసు అధిపతి కేట్ బర్క్‌హోల్డర్, ఆధునిక లోకానికి దూరంగా సాదాగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టి, పెద్దయ్యాక ఆ జీవితాన్ని విడిచివచ్చిన స్త్రీ. మంచు కురుస్తున్న జనవరిలో ఒక యువతి శవం దొరుకుతుంది. శరీరం మీద రోమన్ అంకెలు చెక్కి ఉంటాయి. పదహారేళ్ళ కిందట అదే ఊళ్ళో ఇలాగే వరుసగా హత్యలు జరిగి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. అవి ఎందుకు ఆగిపోయాయో తనకు మాత్రమే తెలుసునని కేట్ అన్నేళ్ళూ నమ్ముతూ వచ్చింది, ఎందుకంటే పద్నాలుగేళ్ళ వయసులో తనపై అత్యాచారం చేసిన డేనియల్ లాప్ అనే యువకుణ్ణి ఆమె తుపాకీతో కాల్చింది, అతని శవాన్ని తండ్రి రహస్యంగా పూడ్చివేశాడు, కుటుంబంలో ఎవరూ ఆ సంగతి బయటికి చెప్పలేదు. ఇప్పుడు హత్యలు మళ్ళీ మొదలయ్యాయి. అయితే లాప్ చనిపోలేదా, లేక హంతకుడు అతను కానే కాదా అన్నదే ఆమెను కోసుకుతినే ప్రశ్న. ఈ నవల 2009లో వచ్చింది. తర్వాత ఇదే పాత్రతో వరుసగా నవలలు వచ్చాయి, 2013లో నీవ్ కాంప్‌బెల్ కేట్‌గా నటించిన టెలివిజన్ చిత్రం కూడా వచ్చింది.

మనం కొలంబస్‌లో ఉంటున్నాం కనుక ఆ ప్రాంతం మనకు పరాయిది కాదు. ఇక్కడి నుంచి 62వ నంబరు రోడ్డు పట్టుకుని ఈశాన్యంగా వెళితే రెండు గంటల లోపే ఆ కౌంటీలోని మిల్లర్స్‌బర్గ్, ఆ తర్వాత బెర్లిన్ అనే ఊళ్ళు వస్తాయి. సెలవు రోజుల్లో పిల్లలను తీసుకుని వెళ్ళి, గుర్రపు బగ్గీలు చూసి, చీజు, ఆపిల్ బటర్ కొనుక్కుని వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. హోమ్స్ కౌంటీ చుట్టుపక్కల దాదాపు 40,000 మంది ఆమిష్ ప్రజలు ఉన్నారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతం తర్వాత అంత పెద్ద స్థావరం ఇదే. మనం చూసి వచ్చినది వారి దుకాణాలను, వారి పొలాల అంచులను మాత్రమే. ఈ నవల మనల్ని ఆ ఇళ్ళ లోపలికి తీసుకువెళతానని ఆశపెడుతుంది. నవల మీద వచ్చిన మెచ్చుకోలు, కోపం రెండూ చాలావరకు ఆ ఆశ నెరవేరిందా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మొదటి అభ్యంతరం రక్తపాతం. మనలో ఎక్కువమంది ఈ మాటే అన్నారు. హతుల శరీరాలకు జరిగిన హింసను రచయిత్రి దాదాపు శవపరీక్ష నివేదికలాగా వివరంగా రాసింది. చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలల్లో శవం ఒక ప్రశ్నగా మాత్రమే ఉండేదని, ఇక్కడ శవం ఒక ప్రదర్శనగా మారిందని ఒక పెద్దాయన అన్న మాట నాకు సరైనదనిపించింది. దానికి జవాబుగా మరొకరు, నెమ్మదైన ఆ పల్లెలో జరిగిన ఘోరం ఎంతటిదో తెలియాలంటే అంత వర్ణన అవసరమేనని వాదించారు. నేను ఈ వాదాన్ని ఒప్పుకోలేకపోతున్నాను. ఆ యువతి శవాన్ని మొదట చూసిన యువ పోలీసు భయం ఆ పని చేసేసింది. రోడ్డు మీదికి తప్పించుకు వచ్చిన ఆవుల సంగతి చూద్దామని వెళ్ళిన మనిషికి మంచులో అది కనబడటం, అతని చేతులూ కాళ్ళూ ఆడకపోవడం చాలు. ఆ తర్వాత అదనంగా రాసిన ప్రతి వివరమూ చనిపోయిన ఆడపిల్లల మర్యాదను కొంచెం కొంచెంగా తగ్గించింది.

రెండో అభ్యంతరం దీనికంటే లోతైనది. ఆమిష్ ప్రజలను రచయిత్రి రంగస్థలం మీద వెనుక కట్టిన తెరలాగా వాడుకుందని, ముందు జరిగే నాటకమంతా ఏ అమెరికన్ ఊళ్ళోనైనా జరిగేదేనని కొందరన్నారు. ఇదే హోమ్స్ కౌంటీ నేపథ్యంగా పి. ఎల్. గాస్ అనే రసాయనశాస్త్ర అధ్యాపకుడు 1999 నుంచి రాస్తూ వచ్చిన నవలలను వారు పోలికగా చూపించారు. వాటిలో నేరం తక్కువ, ఆమిష్ సంఘం ఆలోచనాతీరు ఎక్కువ. ఆ పోలిక న్యాయమైనదే కానీ, గాస్ నవలల్లో మనం ఆమిష్ ఇంటిని ఎప్పుడూ గడప ఇవతల నిలబడి చూస్తాం. కాస్టిల్లో నవలలో చూసే కన్ను ఆ ఇంట్లో పెరిగి బయటికి వచ్చినది. కేట్ తన అన్న జేకబ్ ఇంటికి వెళ్ళినప్పుడు, తాను ఆడుకున్న వాకిట్లోనే అతిథికంటే తక్కువగా నిలబడవలసి వస్తుంది. అలాంటి ఘట్టాలు ఈ పుస్తకంలో కొద్దిగానే ఉన్నాయి. అవి ఉన్నచోట నవల నిజంగా ఆమిష్ నవల అవుతుంది.

ఇక్కడ వెలి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చర్చలో చాలామంది దీని గురించి అడిగారు. ఆమిష్ సంఘంలో పుట్టినంత మాత్రాన ఎవరూ సభ్యులు కారు. యుక్తవయసు వచ్చాక, లోకాన్ని కొంత చూశాక, ఇష్టపూర్వకంగా బాప్తిస్మం తీసుకున్నవారే సభ్యులు. పదహారో శతాబ్దంలో ఐరోపాలో వారి పూర్వీకులైన అనాబాప్టిస్టులు ప్రాణాలు పోగొట్టుకున్నది ఈ నమ్మకం కోసమే. 1693లో, ఆమిష్ శాఖకు ఎవరి పేరు వచ్చిందో ఆ యాకోబ్ ఆమ్మన్ అనుచరులు మిగతా అనాబాప్టిస్టుల నుంచి వేరుపడటానికి ముఖ్యమైన కారణం కూడా వెలిని ఎంత కఠినంగా పాటించాలన్న వివాదమే. నియమం ప్రకారం మాట ఇచ్చి తప్పినవారికే వెలి ఉంటుంది. బాప్తిస్మానికి ముందే వెళ్ళిపోయినవారు మాట తప్పినట్టు కాదు, అయినా కొన్ని కుటుంబాలు వారిని దూరంగానే ఉంచుతాయి. మన పల్లెల్లో కులపెద్దలు వేసిన వెలితో దీన్ని సమానం చేయడం సరికాదు. ఆ వెలి పుట్టుకను పట్టుకుని వేసినది, ఇది పెద్దవయసులో తానే చేసిన వాగ్దానాన్ని పట్టుకుని వేసేది. అయితే వెలివేయబడినవాడు భోజనాల బల్ల దగ్గర విడిగా కూర్చున్నప్పుడు పడే బాధ రెండుచోట్లా ఒకటేనని చెప్పినవారి మాటను నేను కాదనను.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ఆ మాట దగ్గరికి వస్తాను. నవల పేరుకు అర్థం, మౌనంగా ఉంటామని ప్రమాణం చేసినవారు అని. పేరు చూడగానే ఆమిష్ ప్రజలే ఆ ప్రమాణం చేసినవారని మనం అనుకుంటాం, ప్రచురణకర్తలు కూడా మనం అలా అనుకోవాలనే కోరుకున్నారేమో. కానీ ఆమిష్ ప్రజలు ప్రమాణాలు చేయరు. ఒట్టు పెట్టుకోవడం వారికి నిషిద్ధం. అసలే ఒట్టు పెట్టుకోవద్దనీ, అవునంటే అవును కాదంటే కాదు అన్నట్టుగా మాట ఉండాలనీ మత్తయి సువార్తలో యేసు చెప్పిన వాక్యాన్ని వారు అక్షరాలా పాటిస్తారు. 1527లో స్విట్జర్లాండులోని ష్లైట్‌హైమ్‌లో అనాబాప్టిస్టులు రాసుకున్న ఏడు సూత్రాలలో చివరిది ఇదే. న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవలసి వచ్చినా వారు దేవుని మీద ప్రమాణం చేయరు, నిజమే చెబుతానని మాట మాత్రం ఇస్తారు. అలాంటివారి గురించి రాసిన నవలకు ఈ పేరు పెట్టడం పొరపాటని మొదట నేను అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు నా అభిప్రాయం మారింది. బర్క్‌హోల్డర్ కుటుంబంలో చట్టం ముందు ప్రమాణం చేసినది ఒక్క కేట్ మాత్రమే. పోలీసు ఉద్యోగంలో చేరేటప్పుడు చట్టాన్ని కాపాడతానని ప్రమాణం చేసిన మనిషే తన దర్యాప్తుకు అత్యంత అవసరమైన సాక్ష్యాన్ని దాచిపెడుతున్నది. లోపల ఆమిష్ ఇంటి మౌనం, బయట ఒంటి మీద పోలీసు బిళ్ళ. నవలలోని అసలు ఉద్రిక్తత హంతకుడు ఎవరన్నదానిలో కంటే ఇందులోనే ఉంది.

కేట్ ఎంచుకున్న ఉద్యోగం కూడా ఆమిష్ దృష్టిలో చిన్న విషయం కాదు. ఆయుధం పట్టడం, బలప్రయోగం చేయడం ప్రభుత్వం పని, అది లోకానికి సంబంధించినది, క్రైస్తవుడు అందులో పాలుపంచుకోకూడదు అన్నది వారి సిద్ధాంతం. ఆమిష్ పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1569లో నెదర్లాండ్స్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు ఖైదు నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీటి మీదుగా పారిపోతుండగా, అతణ్ణి తరుముతున్న మనిషి మంచు పగిలి నీళ్ళలో పడిపోయాడు. విల్లెమ్స్ వెనక్కి తిరిగి వచ్చి అతణ్ణి పైకి లాగి కాపాడాడు, ఆ కారణంగా పట్టుబడి, సజీవంగా దహనమయ్యాడు. వెంటాడేవాడు, పారిపోయేవాడు ఉన్న కథే ఇది కూడా. అయితే అపరాధ పరిశోధక నవల మనకు అలవాటు చేసిన తృప్తికి ఇది పూర్తిగా ఎదురుగా నడుస్తుంది. నేరస్థుడు దొరకాలి, నిజం నలుగురిలో బయటపడాలి, శిక్ష పడాలి అని మనం పేజీలు తిప్పుతాం. ఆమిష్ సంఘంలో తప్పుకు ముగింపు వేరు. తప్పు చేసినవారు సంఘం ముందు మోకరిల్లి ఒప్పుకోవాలి, తప్పు పెద్దదైతే ఆరు వారాల వెలి అనుభవించాలి, ఆ తర్వాత సంఘం క్షమించి తిరిగి చేర్చుకోవాలి. క్షమించిన తర్వాత ఆ తప్పు గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడకూడదు.

ఈ పద్ధతికి రెండు ముఖాలున్నాయని మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. 1957లో ఇదే హోమ్స్ కౌంటీలో, దోపిడీకి వచ్చిన ఇద్దరు యువకులు ఒక యువ ఆమిష్ రైతును అతని ఇంటి దగ్గరే చంపారు. కాల్చినవాడికి న్యాయస్థానం మరణశిక్ష వేసినప్పుడు, అతణ్ణి చంపవద్దని గవర్నరుకు ఉత్తరాలు రాసినవారిలో ఆమిష్ ప్రజలు ఎందరో ఉన్నారు. ఆ శిక్ష చివరికి యావజ్జీవ ఖైదుగా మారింది. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ ఆమిష్ బడిలో ఒక మనిషి పదిమంది బాలికలను కాల్చి, వారిలో అయిదుగురి మరణానికి కారణమై, తానూ కాల్చుకుని చనిపోయాడు. కొన్ని గంటల్లోనే ఆమిష్ పెద్దలు ఆ హంతకుడి భార్యాబిడ్డల దగ్గరికి వెళ్ళి ఓదార్చారు. అదే క్షమాపణ నియమం, ఇంటి లోపల జరిగిన అత్యాచారాల విషయంలో బాధితురాలి నోరు నొక్కడానికి ఉపయోగపడిన సందర్భాలు అమెరికన్ కోర్టుల రికార్డుల్లోకి ఎక్కాయి. తప్పు చేసినవాడు ఒప్పుకున్నాడు, ఆరు వారాలు అయిపోయాయి, ఇక నువ్వు మరచిపోవాలి అని పిల్లలకు చెప్పడం ఎంత క్రూరమో నేను వివరించనక్కరలేదు. ఆమిష్ క్షమను పొగిడేవారూ, ఆమిష్ మౌనాన్ని ఖండించేవారూ ఒకే నియమం గురించి మాట్లాడుతున్నారని ఈ నవల చదువుతున్నప్పుడు నాకు స్పష్టమైంది.

మరి నవలలో కేట్ తండ్రి చేసినది ఈ రెండింటిలో ఏది? మన చర్చలో అందరికంటే గట్టిగా మాట్లాడిన సోదరి ఒకరు, ఆ తండ్రి తనకు ఆమిష్ మనిషిగా కనిపించలేదని, తాను పెరిగిన ఊళ్ళో ప్రతి వీధిలోనూ అలాంటి తండ్రి ఉండేవాడని అన్నారు. బిడ్డకు జరిగిన అన్యాయం కంటే, అది నలుగురికీ తెలిస్తే పోయే పరువే పెద్దదని నమ్మే తండ్రి. ఆ మాట విన్న తర్వాత నేను ఆ భాగాలను మళ్ళీ చదివాను. ఆమె చెప్పినదే నిజం. ఆమిష్ పద్ధతి ప్రకారం చూసినా ఆ తండ్రి చేసినది తప్పే. అతను పోలీసుల దగ్గరికి వెళ్ళకపోవడాన్ని ఆమిష్ నియమాలతో ఎలాగో సమర్థించవచ్చు. కానీ అతను తన సంఘానికి కూడా చెప్పలేదు. మోకరిల్లలేదు, ఎవరి క్షమనూ అడగలేదు, పద్నాలుగేళ్ళ కూతురికి ఆ అవకాశం ఇవ్వలేదు. ఏటా రెండుసార్లు ప్రభుభోజనం అనే ఆరాధనకు ముందు సంఘమంతా ఒకరితో ఒకరు ఏ కలతా లేకుండా శాంతిగా ఉన్నామని చెప్పుకోవాలి. ఆ కుటుంబం అన్నేళ్ళూ ఆ మాట ఎలా చెప్పగలిగిందో ఊహించండి. అందుచేత, ఈ నవల ఆమిష్ మౌనాన్ని గురించినదని మెచ్చుకున్నవారితోనూ, ఆమిష్ ప్రజలను మౌనంగా నేరాలు దాచేవారిగా చిత్రించిందని కోప్పడినవారితోనూ నేను ఏకీభవించలేను. ఆ మౌనం సంఘానిది కాదు. బయటి లోకం మీద సంఘానికి ఉన్న అపనమ్మకాన్ని చాటుగా చేసుకుని ఒక ఇల్లు తనకోసం కట్టుకున్నది. రచయిత్రి ఈ తేడాను పూర్తిగా గుర్తించిందా అంటే, లేదనే చెబుతాను. సంఘం పెద్దలకు ఈ రహస్యం ముందే తెలిసి ఉంటే, లేదా కేట్ చివరికి పోలీసులకు కాక ఒక ఆమిష్ సభ ముందు మాట్లాడవలసి వస్తే ఎలా ఉండేదన్న ప్రశ్న నవలలో ఎక్కడా రాదు. నా దృష్టిలో ఈ పుస్తకంలోని అతి పెద్ద లోటు ఇదే, రక్తపాతం దీని తర్వాతే.

మిగిలిన అభిప్రాయాల మీద ఎక్కువసేపు ఆగను. కేట్ అధ్యాయాలు ప్రథమ పురుషలో కాక ఆమె నోటి మాటగా, అదీ వర్తమాన కాలంలో సాగడం కొందరికి ఇబ్బంది కలిగించింది. నాకు మాత్రం రహస్యం మోస్తున్న మనిషి ఊపిరి దగ్గరగా వినిపించింది. రాష్ట్ర దర్యాప్తు సంస్థ నుంచి వచ్చిన జాన్ టోమసెట్టి, భార్యాబిడ్డలను హంతకులకు పోగొట్టుకుని మందులకు, మద్యానికి అలవాటుపడ్డ మనిషి. కేట్‌కు అతనితో ఏర్పడే సాన్నిహిత్యం తొందరపాటుగా ఉందని అన్నవారితో నేను ఏకీభవిస్తాను. హంతకుణ్ణి ముందే ఊహించామని అయిదుగురు చెప్పారు. నేను ఊహించలేకపోయాను.

భాష గురించి మాత్రం కొంచెం చెప్పాలి. ఆమిష్ పాత్రలు మధ్యమధ్యలో పెన్సిల్వేనియా డచ్ మాటలు పలకడం పైపూత అలంకారమని ఒక మిత్రుడు అన్నారు. కొన్నిచోట్ల అది నిజమే. అయితే ఆ భాష జర్మన్ నుంచి వచ్చి, దాదాపు మూడు వందల ఏళ్ళుగా ఈ దేశంలో ఇళ్ళల్లో, వంటిళ్ళల్లో బతుకుతున్నది. పిల్లలు బడికి వెళ్ళాకే ఇంగ్లీషు నేర్చుకుంటారు, బయటివారిని జాతి ఏదైనా సరే ‘ఇంగ్లీషువాళ్ళు’ అనే పిలుస్తారు. ఆ లెక్కన ఈ గదిలో కూర్చున్న మనమంతా కూడా ఇంగ్లీషువాళ్ళమే. ఇంగ్లీషులో దర్యాప్తు చేసే కేట్ తన అన్నతో మాట్లాడేటప్పుడు ఆ ఇంటి మాటలోకి జారిపోవడం, అన్న మాత్రం ఆమెను దూరపుదానిలాగే చూడడం, మన పిల్లలతో మనం ఇళ్ళల్లో ఏ భాషలో పోట్లాడుతున్నామో ఆలోచించేవారికి తగలకుండా ఉండదు.

చివరిగా ఒక్క ఘట్టం గురించి మాట్లాడి కూర్చుంటాను. లాప్ నిజంగా చనిపోయాడో లేదో తెలుసుకోవడానికి, తండ్రి అతణ్ణి పూడ్చిన పాడుబడ్డ ధాన్యపు గోదాము దగ్గరికి కేట్ తన అన్నను వెంటబెట్టుకుని వెళుతుంది. బయట చలి, లోపల పదహారేళ్ళుగా ఎవరూ కదిలించని మట్టి. అక్కడ జేకబ్ మాటల్లో ఆనాటి నింద ఇంకా ఆరలేదని నాకు అనిపించింది. అతని నింద లాప్ మీద కాదు, చెల్లెలి మీద. తమవాణ్ణి చంపినవాడి ప్రాణం కోసం గవర్నరుకు ఉత్తరం రాయగలిగిన ప్రజల్లో పుట్టినవాడు, తన ఇంట్లో పద్నాలుగేళ్ళ పిల్లను క్షమించలేకపోయాడు. అసలు ఆమె క్షమాపణ అడగవలసిన తప్పు ఏం చేసిందన్న ప్రశ్న కూడా అతనికి తట్టలేదు. నవలను మధ్యలో మూసేసినవారు ఈ ఒక్క అధ్యాయమైనా తెరిచి చదవండి. జేకబ్ గురించి మీలో స్త్రీలు ఏమంటారో, ముఖ్యంగా అన్నదమ్ములున్న స్త్రీలు ఏమంటారో, ముందు వినాలని నాకు ఉంది.